పైపులో మైనం, దానికి నానోహైబ్రిడ్ మందు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం. కెమిస్ట్రీ చదివి ఊరు విడిచి, చాలా ఏళ్ళు ముడి చమురు పరీక్షించే ల్యాబుల్లో పనిచేసి, మళ్ళీ ఊరికే వచ్చి చేరాను. ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టు కోసమని వస్తుంటారు. నూనె మిల్లు వాళ్ళు, లారీ ఓనర్లు కూడా ఫోన్ చేస్తుంటారు. ముడి చమురు పైపులో మైనం గడ్డకట్టడం గురించి, దానికి వేసే నానోహైబ్రిడ్ అనే కొత్త మందు గురించి అడిగిందే అడుగుతున్నారు, నేను చెప్పిందే చెబుతున్నాను. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ప్రశ్నలు వాళ్ళు అడిగినట్టే ఉంచాను.

చమురులో మైనం ఏంది సార్? మైనం అంటే కొవ్వొత్తి కదా?

ఆ కొవ్వొత్తే. కొవ్వొత్తి మైనం పుట్టిందే ముడి చమురులో. అస్సాంలోని డిగ్బోయ్ రిఫైనరీ ఇప్పటికీ ఆ మైనాన్ని తీసి అమ్ముతుంది. చమురంటే కార్బన్ గొలుసుల కలగలుపు. పొట్టి గొలుసులు పెట్రోలు, కొంచెం పొడుగువి డీజిల్. ఇంకా పొడుగ్గా, కొమ్మలు లేకుండా నిటారుగా సాగినవి మైనం. 18 కార్బన్ల గొలుసు 28 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 24 కార్బన్లదైతే 51 డిగ్రీలు కావాలి, 36 కార్బన్లదైతే 76. భూమి లోపల వేడికి ఇవన్నీ నూనెలో కరిగి కలిసిపోయి ఉంటాయి. పైకి వచ్చి చల్లబడగానే పొడుగు గొలుసులు ముందుగా బయటపడతాయి.

డిసెంబరులో పొద్దున్నే ఉగ్గాని హోటలుకు వెళ్ళినప్పుడు పామాయిలు ప్యాకెట్ చూసే ఉంటారు. అడుగున తెల్లగా పేరుకుని, పైన పలచగా తేరుకుని ఉంటుంది. రసాయనం వేరైనా జరిగేది అదే. ప్యాకెట్ అయితే పొయ్యి పక్కన పెడితే తేరుకుంటుంది. వందల కిలోమీటర్ల పైపును ఏ పొయ్యి పక్కన పెడతాం?

గడ్డకడితే మళ్ళీ వేడిచేస్తే పోలా?

భూమిలో పూడ్చిన పైపును చివర్లో వేడిచేస్తే ఆ చివరే వేడెక్కుతుంది. పంపు నడుస్తున్నంతసేపు నూనె కదులుతూ ఉంటుంది కాబట్టి పెద్ద ఇబ్బంది రాదు. కరెంటు పోయిందనో, పంపు చెడిందనో ఒక రాత్రి ఆగిపోతేనే కథ మొదలవుతుంది. నిలిచిన నూనె పెరుగు తోడుకున్నట్టు తోడుకుంటుంది. అది మళ్ళీ కదలాలంటే కనీసం ఇంత తోపు కావాలని ఒక లెక్క ఉంటుంది. దాన్ని ఈల్డ్ స్ట్రెస్ అంటారు.

లెక్క చేసి చూపిస్తాను. లోపలి వ్యాసం అర మీటరు, పొడవు 20 కిలోమీటర్లు ఉన్న పైపు అనుకుందాం. తోడుకున్న నూనె ఈల్డ్ స్ట్రెస్ 50 పాస్కల్స్. దాన్ని కదిలించే పీడనం కావాలంటే ఈల్డ్ స్ట్రెస్‌ను నాలుగుతో, పొడవుతో గుణించి వ్యాసంతో భాగించాలి. 80 లక్షల పాస్కల్స్ వస్తుంది, బార్‌లలో చెబితే 80. అంటే 800 మీటర్ల ఎత్తు నీళ్ళు మీద నిలబెట్టినంత ఒత్తిడి. అంత ఒత్తిడికి తట్టుకోని పంపులూ పైపులూ చాలా ఉన్నాయి. మందు వేసి ఆ 50ని 5కు దించగలిగితే 8 బార్ చాలు. మన లారీ టైరులో ఉండే గాలి అంత. ఈ మందుల కోసం ఇంత ఆరాటం ఎందుకంటే ఈ ఒక్క లెక్క చాలు.

ఎంత మైనం ఉంటే గడ్డకడుతుంది?

మీరు అనుకునేదానికన్నా చాలా తక్కువ. నూటికి ఒకటి, రెండు పాళ్ళ మైనం పలుకులుగా (స్ఫటికాలుగా) బయటపడితే చాలు, మిగతా తొంభై ఎనిమిది పాళ్ళ నూనెనూ పట్టి నిలబెడుతుంది. పలుకులు పలచని రేకుల్లా పెరిగి ఒకదానికొకటి ఆనుకుని పేకమేడలా నిలుస్తాయి. ఆ గదుల్లో నూనె ఇరుక్కుపోతుంది.

మన దేశంలో ఈ తంటా ఎక్కడుంది? రాయలసీమలో చమురు పడిందా?

రెండో ప్రశ్నకు ముందు చెబుతాను. కడప పేరుతోనే ఒక అవక్షేప బేసిన్, అంటే పొరలు పొరలుగా పేరుకున్న రాళ్ళ పల్లం ఉంది. దాని అడుగు పొరలు నూరు కోట్ల ఏళ్ళు దాటిన రాళ్ళు. అమ్ముకోగలిగినంత చమురు అక్కడ ఇంతవరకు పడలేదు. ఆంధ్రాలో చమురంటే గోదావరి, కృష్ణా డెల్టాలదే. అయినా చమురు బావులకు, మన సీమకు సంబంధం లేకపోలేదు. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి (బెరైట్) ప్రపంచంలోనే పేరున్న నిల్వ. బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అదిమిపట్టే బురద బరువుగా ఉండాలని ఆ రాయినే పొడిచేసి కలుపుతారు. నీటికి నాలుగింతల పైచిలుకు బరువు అది.

ఇక మైనం తంటా. 1974లో బయటపడ్డ ముంబై హై చమురు 30 డిగ్రీల దగ్గరే గడ్డకట్టే రకం. సముద్రం అడుగున పైపు దానికన్నా చల్లగా ఉంటుంది. అస్సాం చమురుదీ అదే గుణం. అక్కడి నహర్‌కటియా నుంచి బీహార్‌లోని బరౌనీ దాకా 1,157 కిలోమీటర్ల పైపులైను 1960లలోనే వేశారు. ఆ రోజుల్లో మందుల మీద ఆధారపడకుండా దులియాజాన్ దగ్గర నూనెను బాగా కాచి, ఒక పద్ధతి ప్రకారం చల్లార్చి పంపేవాళ్ళు. రాజస్థాన్ బాడ్‌మేర్‌లో 2004లో దొరికిన మంగళ చమురు మరీ మొండిది. 2009లో ఉత్పత్తి మొదలుపెట్టిన వాళ్ళు దానికోసం గుజరాత్ తీరం దాకా దాదాపు 670 కిలోమీటర్ల పైపును పొడవునా వేడి చేసుకుంటూ తీసుకెళ్ళారు. దాని నూనెను 65 డిగ్రీల కిందికి రానివ్వరు. ఎడారిలో పైపుకు దుప్పటి కప్పి కుంపటి పెట్టడమంటే ఇదే.

మందు వేస్తే మైనం కరిగిపోతుంది కదా?

లేదు. ఎక్కువమంది తప్పుపడేది ఇక్కడే. పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులో కూడా మైనం తొలగిపోయిందని రాస్తారు, నేను ఎర్ర సిరాతో కొట్టేస్తాను. మందు వేసినా మైనం గ్రాము కూడా తగ్గదు. చల్లబడితే బయటపడక మానదు. మారేది అది కూర్చునే తీరు. రేకులు రేకులుగా పరుచుకుని ఒకదానికొకటి చేయి కలిపేది కాస్తా, బరకగా, గుండ్రంగా, ఉండలు కట్టి విడివిడిగా కూర్చుంటుంది.

ఇంట్లో చూసిందే. రాగిసంగటిని తెడ్డుతో మెలుపుతూ ఉన్నంతసేపు ఒక తీరు, దించి కదపకుండా పెడితే ఇంకో తీరు. పిండీ అదే, నీళ్ళూ అవే. మైనం విషయంలో కూడా పాళ్ళకంటే చల్లారిన తీరే ముఖ్యం.

ఇంకో సంగతి. మైనం మొదటి పలుకు కనిపించే ఉష్ణోగ్రత ఒకటి ఉంటుంది. నూనె పూర్తిగా కదలకుండా పోయే ఉష్ణోగ్రత ఇంకొకటి, దాన్ని పోర్ పాయింట్ అంటారు. మందు దించేది ఎక్కువగా రెండోదాన్నే. నానో పొడి, అంటే కంటికి కనబడనంత సన్నటి రేణువులు ఉన్న మందు వేస్తే మొదటిది ఒకటి రెండు డిగ్రీలు పెరగడమూ ఉంది. పలుకు కట్టడానికి పొడి రేణువు చోటు చూపిస్తుంది కాబట్టి మైనం కాస్త ముందే మొదలవుతుంది. పెరిగింది కదా అని కంగారుపడక్కర్లేదు.

పాతకాలం మందు ఏది?

పీపీడీ అంటారు, పోర్ పాయింట్ డిప్రెసెంట్. మన కంపెనీల్లో ఫ్లో ఇంప్రూవర్ అని కూడా పిలుస్తారు. అది పాలిమర్, అంటే చిన్న ముక్కలు వరుసగా అతుక్కుని తయారైన పొడుగు గొలుసు. ఎక్కువగా వాడేది ఈవీఏ, అంటే ఇథిలీన్ వినైల్ ఎసిటేట్. చెప్పుల సోళ్ళు, గ్లూ గన్‌లో పెట్టే జిగురు కడ్డీలు దీనితోనే చేస్తారు. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల 1000 మెగావాట్ల సోలార్ పార్కులో అద్దం కింద సెల్లును అంటిపెట్టుకుని ఉండే పారదర్శక పొర చాలా ప్యానెళ్ళలో ఈ ఈవీఏనే. చిత్రమేంటంటే చమురు మందుకు వాడే రకంలోనూ, ప్యానెల్ పొరలోనూ వినైల్ ఎసిటేట్ పాలు నూటికి 28, ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

ఈవీఏ గొలుసులో కొంత భాగం మైనం లాగే ఉంటుంది. అందుకని మైనం పలుకు దాన్ని తనవాడే అనుకుని లోపలికి రానిస్తుంది. ఎసిటేట్ ముక్క మాత్రం పలుకులో ఇమడదు. పెళ్ళివారి పంక్తిలో ఒకాయన మోకాళ్ళు చాపి కూర్చుంటే పక్క విస్తరి వేయడానికి చోటు ఉండదు కదా, అట్లా రేకు ఆ వైపు పెరగలేక ఆగుతుంది. పొడుగు తోకలున్న పాలీ అక్రిలేట్లు అనే ఇంకో రకం పాలిమర్లు కూడా ఇదే పని చేస్తాయి.

మరి నానోహైబ్రిడ్ అంటే కొత్తగా ఏం కలిపారు?

ఆ పాలిమర్‌కే నానో రేణువును జత చేశారు. సిలికా, బంకమట్టి, గ్రాఫీన్ ఆక్సైడ్, కార్బన్ నానోట్యూబులు, ఇట్లా చాలా వాటిని వాడి చూశారు. నాకు నచ్చింది మట్టి. చవక, పని బాగా చేస్తుంది.

బెంటొనైట్‌లో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే మట్టి పుస్తకం లాంటిది. ఒక్కో పుట మందం ఒక నానోమీటరు. మిల్లీమీటరులో పది లక్షో వంతు. పుటలన్నీ విప్పి పరిస్తే ఒక్క గ్రాము మట్టి 700 చదరపు మీటర్లు దాటుతుంది. మన లెక్కలో 17 సెంట్లు. అంత స్థలంలో రెండు ఇళ్ళు కట్టి మల్లెచెట్టు కూడా వేసుకోవచ్చు.

కష్టం ఏమిటంటే ఈ మట్టికి నీళ్ళంటే ప్రేమ, నూనెంటే గిట్టదు. నూనెలో నేరుగా వేస్తే పుటలు విడవవు, ముద్దగా అడుగుకు పోతుంది. అందుకే ముందు పుటల మధ్య ఉండే సోడియంను తీసేసి, 16, 18 కార్బన్ల తోక ఉన్న క్వాటర్నరీ అమ్మోనియం ఉప్పును ఎక్కిస్తారు. తలకు రాసుకునే కండిషనర్‌లో వెంట్రుకను మెత్తబరిచేది ఆ జాతి రసాయనమే. దాంతో మట్టికి నూనెతో పొసుగుతుంది. పుటలు ఎడం అవుతాయి, ఆ సందుల్లోకి పాలిమర్ గొలుసులు దూరతాయి. దూరిన పాలిమర్ రేణువు మీద గుబురుగా అతుక్కుని ఉంటుంది.

ఇది నూనెలో పడ్డాక ఏమవుతుందంటే, మామూలు పాలిమర్ గొలుసులు నూనెంతా చెల్లాచెదురుగా ఉంటాయి. ఇక్కడ మాత్రం రేణువు చుట్టూ గుమిగూడి ఉంటాయి. మైనం ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తూ ఆ గుబురు మీదే మొదలవుతుంది. లెక్కలేనన్ని చిన్న రేకుల బదులు తక్కువ సంఖ్యలో పెద్ద, గట్టి ఉండలు వస్తాయి. ఉండల మధ్య నూనెకు దారి మిగులుతుంది. పోలరైజ్డ్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, మందు లేని శాంపిల్‌లో నల్లటి నేపథ్యం మీద వడ్లపొట్టు చల్లినట్టు తెల్లటి సూదులు నిండిపోయి ఉంటాయి. హైబ్రిడ్ వేసినదాంట్లో అక్కడొకటి ఇక్కడొకటి మెరిసే గుండ్రాలు, మధ్యలో చీకటి. ఆ చీకటి అంతా కదలగలిగే నూనె. నేను మొదటిసారి ఆ రెండు స్లైడులూ పక్కపక్కన చూసినప్పుడు మధ్యాహ్నం భోజనం మరిచిపోయాను.

నానో పొడి ఒక్కటే వేస్తే చాలదా? పాలిమర్ ఖర్చు మిగులుతుంది కదా.

చాలదు. ఉత్త సిలికా పొడి ఒంటి మీద తేమ పట్టుకుని ఉంటుంది, ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతుంది. పాలిమర్, పొడి విడివిడిగా వేసి కలిపినా పూర్తి ఫలితం రాదు. ముందుగా జత కట్టించాలి. ఎక్స్‌ట్రూడర్‌లో, అంటే ప్లాస్టిక్‌ను కరిగించి నెట్టే యంత్రంలో కలపడం ఒక దారి. టాలుయీన్, జైలీన్ లాంటి ద్రావకంలో రెండింటినీ వేడిగా కలిపి తర్వాత ద్రావకం తీసేయడం ఇంకో దారి. రేణువు ఉన్న పాత్రలోనే పాలిమర్‌ను పుట్టించేది మూడోది. కాలేజీ ల్యాబులో చేయగలిగేది రెండోదే. ద్రావకం ఆవిరి ముక్కుకెక్కకుండా ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కింద చేయాలి, కిటికీ తెరిచాం కదా అంటే కుదరదు.

ఎంత వేయాలి?

సాధారణంగా కొన్ని వందల పీపీఎం. 500 పీపీఎం అంటే టన్ను నూనెకు అర కిలో. 20 టన్నుల ట్యాంకరుకు 10 కిలోలు. అందులో మట్టి ఎంత? పాలిమర్ బరువులో నూటికి ఒక పాలు అనుకుంటే టన్నుకు 5 గ్రాములు. ఒక టీస్పూను మట్టి. ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందనుకోవద్దు. ఒక హద్దు దాటాక రేణువులు తమలో తాము ముద్దకడతాయి, పోర్ పాయింట్ మళ్ళీ పైకి వస్తుంది. కూరలో ఉప్పు లాంటిదే.

మందు డ్రమ్ములకు కూడా చలి పడదని మరిచిపోకండి. చిక్కటి పాలిమర్ ద్రావణం తానే గడ్డకడుతుంది. నూనె గడ్డకట్టకుండా చేసే మందును ముందు వేడి గదిలో పెట్టి కరిగించుకోవాల్సి రావడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

పోర్ పాయింట్ ఎట్లా చూస్తారు? పెద్ద మిషను కావాలా?

మిషన్లు ఉన్నాయి గానీ మూల పద్ధతి చేత్తో చేసేదే. చదునైన అడుగున్న గాజు గొట్టంలో గీత దాకా నూనె పోస్తారు. బిరడా బిగించి, థర్మామీటర్ మొన నూనె పైభాగంలో మునిగేట్టు పెడతారు. ముందు వేడిచేసి, తర్వాత చల్లటి తొట్టిలోకి దించుతారు. ఉష్ణోగ్రత 3 డిగ్రీలు తగ్గినప్పుడల్లా గొట్టాన్ని బయటికి తీసి మెల్లగా వంచి చూడాలి. కదిలిందా, వెంటనే లోపల పెట్టేయాలి. ఒక దశలో వంచినా కదలదు. అప్పుడు గొట్టాన్ని పూర్తిగా అడ్డంగా పట్టుకుని 5 సెకన్లు చూస్తారు. అప్పటికీ నూనె అంచు కదలకపోతే ఆ రీడింగుకు 3 కలిపి రాస్తారు, అదే పోర్ పాయింట్. మన ప్రమాణం ఐఎస్ 1448లోనూ, అమెరికా వాళ్ళ ఏఎస్‌టీఎం డీ97లోనూ ఇదే పద్ధతి. చెయ్యి వణకకూడదు, తొందర పనికిరాదు. గొట్టం తీసి మళ్ళీ పెట్టడానికి 3 సెకన్లకు మించకూడదని మాకు నేర్పారు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఒక కంపెనీ ల్యాబులో ఉన్నప్పుడు చలికాలంలో డబ్బాలో బిగుసుకుపోయిన శాంపిల్ వచ్చింది. గొట్టంలోకి పోయడానికి ఎంత కావాలో అంతే వేడి, 50 డిగ్రీల నీళ్ళలో పెట్టి కరిగించాను. కంటికి పల్చగానే ఉంది. మందు వేసి పరీక్ష చేస్తే మందు వేయని నూనె కంటే 6 డిగ్రీలు ఎక్కువ దగ్గరే గడ్డకట్టింది. మూడు రోజులు మందు పంపిన వాళ్ళను తిట్టుకున్నాం, ఉత్తరం కూడా పోయింది. అస్సాంలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన ఆ కాగితాలు చూసి ఒకే మాట అడిగాడు. "ఎంత దాకా కాచినావయ్యా?"

సంగతి అంతా అందులోనే ఉంది. 50 దగ్గర నూనె పారుతుంది గానీ పెద్ద గొలుసుల మైనం ఇంకా కరగదు. కంటికి కనబడని ఆ పలుకులు విత్తనాల్లా మిగిలిపోతాయి. చల్లారేటప్పుడు మిగతా మైనం వాటి మీదే పేరుకుంటుంది, మందుకు చోటే ఉండదు. అదే శాంపిల్‌ను 80 డిగ్రీలకు కాచి, అరగంట ఉంచి, అప్పుడు మందు కలిపితే అది చేయాల్సిన పని చేసింది. ఉత్తరం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి ఎవరు ఫలితం చూపించినా నేను ముందు అడిగేది శాంపిల్‌ను ఎన్నిసార్లు, ఎంత దాకా కాచారనే. మందు పేరు తర్వాత.

పేపర్లలో 15 డిగ్రీలు, 20 డిగ్రీలు తగ్గిందని రాస్తున్నారు. నమ్మొచ్చా?

ఆ నూనెకు, ఆ పద్ధతిలో నమ్మొచ్చు. మీ నూనెకు నమ్మకూడదు. పాలిమర్ ఒక్కటే ఎంత దించింది, జత కట్టాక ఎంత దించిందన్న తేడా చూడండి. ఆ తేడా 3 డిగ్రీలే అయితే అది పరీక్షలో ఒక్క మెట్టు. ఒకే మనిషి రెండుసార్లు చేసినా అంత తేడా వస్తుంది. అంత మాత్రానికి నానో గొప్పదనం అనలేం. పోర్ పాయింట్ ఒక్కటే చూపించి చిక్కదనం, ఈల్డ్ స్ట్రెస్ చూపించకపోతే నాకు అనుమానమే. పైపు వాడికి కావలసింది ఆ రెండే.

నానోహైబ్రిడ్ అసలు లాభం నాకు తెలిసి డిగ్రీలలో కాదు, ఓర్పులో ఉంది. పైపులో నూనె పంపుల గుండా పోతుంది, స్టేషన్ల దగ్గర మళ్ళీ కాస్త వేడెక్కుతుంది, మళ్ళీ చల్లారుతుంది. ఈ నలుగుడుకు మామూలు పాలిమర్ మందు ఫలితం కొంత చెడిపోతుంది. రేణువు తోడున్నది ఎక్కువసేపు నిలుస్తుందని చాలా పరీక్షల్లో తేలింది. చైనాలో మైనం చమురు ఎక్కువ, 1959లో దొరికిన దాచింగ్ చమురులో నాలుగో వంతు దాకా మైనమే. అందుకే ఈ పరిశోధన ఎక్కువగా అక్కడే సాగింది. ల్యాబు దాటి నిజం పైపులైన్లలో కూడా వాడి చూశారు.

అన్ని చమురులకూ ఒకటే మందు పనిచేస్తుందా?

చేయదు. పాలిమర్ తోక పొడవు ఆ చమురులోని మైనం గొలుసు పొడవుకు సరిపోవాలి. ఒక బావికి కుదిరింది పక్క బావికి కుదరకపోవచ్చు. చమురులో సహజంగా ఉండే అస్ఫాల్టీన్లు అనే నల్లటి బరువైన పదార్థాలు కొన్నిసార్లు మందుకు సాయం చేస్తాయి, అవి బొత్తిగా లేని నూనెలో అదే మందు డీలాపడుతుంది.

మందు వేస్తే పైపు గోడకు మైనం పట్టడం ఆగుతుందా?

అది వేరే సమస్య, కలిపేయొద్దు. లోపలి నూనె వేడిగా, గోడ చల్లగా ఉన్నంతకాలం గోడకు మైనం చేరుతూనే ఉంటుంది. మందు వల్ల కొన్నిచోట్ల పట్టడం తగ్గుతుంది, కొన్నిచోట్ల పట్టింది మెత్తగా ఉంటుంది, అరుదుగా గట్టిపడుతుంది కూడా. గోడలు గీకడానికి పైపులోకి పిగ్ అనే బిరడా లాంటి దాన్ని పంపుతారు, నూనె ఒత్తిడే దాన్ని నెట్టుకుపోతుంది. మందు ఉన్నా పిగ్ తప్పదు.

అన్నా, మా చీనీకాయల లారీలు జనవరిలో ఢిల్లీ పోతాయి. డీజిల్ గడ్డకడుతుందని ఈ మందు వేయమంటారా?

వద్దు. డీజిల్‌లోనూ మైనం ఉంటుంది, నిజమే. అందుకే మన ప్రమాణం ప్రకారమే డీజిల్ పోర్ పాయింట్ వేసవిలో 15 డిగ్రీలు, చలికాలంలో 3 డిగ్రీలు మించకూడదు. ఆ కాలపు డీజిల్‌ను రిఫైనరీలోనే సరిచేసి పంపుతారు. ఢిల్లీ చలికి అది చాలు. మీవాళ్ళు ఇక్కడ నింపిన డీజిల్‌తోనే అంతదూరం పోరు కదా, దారిలో పోయించుకునేది అక్కడి సరుకే. లద్దాఖ్ పోయేవాళ్ళ సంగతి వేరు. అక్కడికి 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల పోర్ పాయింట్ ఉన్న వింటర్ డీజిల్ తెచ్చింది. రేణువులున్న పొడి ఏదైనా డీజిల్ ట్యాంకులో వేస్తే ముందు ఫిల్టరు మూసుకుపోతుంది, తర్వాత ఇంజెక్టరు పోతుంది. ముడి చమురు మందు ముడి చమురుకే.

మాది ఆదోనిలో పొద్దుతిరుగుడు నూనె మిల్లు. మా నూనె చలికి మబ్బుపడుతుంది. ఇది పనికొస్తుందా సార్?

తినే నూనెలో ఇది వేయకూడదు, అడగను కూడా అడగొద్దు. మీది గింజ పొట్టు నుంచి వచ్చే మైనం, రసాయనంగా ఎస్టరు. దానికి డీవ్యాక్సింగ్ ఉంది. నూనెను నెమ్మదిగా తిప్పుతూ 10 డిగ్రీల లోపుకు చల్లబరిచి, పలుకులు బాగా ఎదగనిచ్చి వడగడతారు. మీకు కావలసింది పెద్ద పలుకు, వడపోతలో చిక్కాలి కాబట్టి. తొందరపడి గబగబా చల్లార్చేవాళ్ళకు నలుసులై గుడ్డను మూసేస్తాయి. వేరుశనగ నూనెకు ఈ మైనం బాధ లేదు. వంటనూనెల సంగతి అడగాలంటే అనంతపురంలోనే జేఎన్‌టీయూ కింద ఆయిల్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఉంది. అక్కడికి వెళ్ళండి.

ఈ పొడితో ఒంటికి ప్రమాదం లేదా?

నూనెలో కలిసాక కాదు, పొడిగా ఉన్నప్పుడే ప్రమాదం. బేతంచెర్లలో, తాడిపత్రిలో బండలు కోసే చోట దుమ్ము ఏం చేస్తుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇందులో వాడే నానో సిలికా స్ఫటిక రకం కాదు గానీ గాలిలో ఎగిరేంత తేలిక. డబ్బా మూత తీసేటప్పుడు ఫ్యాన్ ఆపండి. నోటికి కట్టుకున్న కర్చీఫు నానో రేణువును ఆపదు, సరైన మాస్కు పెట్టుకోండి.

రిఫైనరీలో ఈ మట్టి ఏమవుతుంది?

మరగని సరుకు కదా, అడుగు అవశేషంలోకి పోయి బూడిద లెక్కలో చేరుతుంది. టన్నుకు 5 గ్రాములు ఉత్త చమురులోనే ఉండే ఇసుక, ఉప్పుల ముందు పెద్దది కాదు. కానీ రిఫైనరీ వాడు ఒప్పుకోవాలి. లోహం ఉన్న రేణువులైతే క్యాటలిస్టు మీద ప్రభావం చూసి గానీ ఒప్పుకోడు. మట్టి, సిలికాల మీద మొగ్గు ఉండటానికి ధరతోపాటు ఇదీ ఒక కారణం.

మా కాలేజీకి ముడి చమురు దొరకదు. అనంతపురంలో కూర్చుని ప్రాజెక్టు ఎట్లా చేయాలి?

నమూనా నూనె చేసుకోండి. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ 90 గ్రాములు, మైనం 10 గ్రాములు. కొవ్వొత్తి వాడొద్దు, అందులో స్టియరిక్ ఆమ్లం కలిపి ఉంటారు. ల్యాబు సరఫరాదారు దగ్గర పారఫిన్ వ్యాక్స్ అని అడిగి, కరిగే ఉష్ణోగ్రత రాసి ఉన్నది తీసుకోండి. ఈవీఏ కూడా గుళికలుగా కొనండి. జిగురు కడ్డీలో రెసిన్లు, సోలార్ షీటులో గట్టిపరిచే రసాయనాలు కలిసి ఉంటాయి, ఫలితం ఎవరిదో తేలదు. నీళ్ళ తొట్టిలోనే కాచండి, నేరుగా మంట మీద పెట్టొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టకండి. గదిలోనే 40 డిగ్రీలుంటే నూనె గడ్డకట్టక మీరు ఐసు కోసం బజారంతా తిరగాలి. డిసెంబరు, జనవరి మంచివి. మందు లేనిది, పాలిమర్ ఒక్కటే, మట్టి ఒక్కటే, రెండూ జత కట్టినది, ఈ నాలుగూ ఒకే రోజు ఒకే తొట్టిలో కాచి చల్లార్చండి. ప్రతి గొట్టం మీద ఎన్నోసారి కాచిందో మార్కరుతో రాయండి. రెండోసారి కాచిన గొట్టం ఉంటే పక్కన పెట్టి కొత్తది పోసుకోండి.